చైనా బట్టల్లో మా అమ్మ

ఆ మనిషిని నేను మొదటిసారి చూసింది నందిగామ బస్టాండు పక్క సందులో, ఫ్లెక్సీలు కొట్టే షాపులో. ముప్పై అయిదేళ్ళుంటాయి. జుట్టు పెంచి నడినెత్తిన ముడి వేసుకున్నాడు. గడ్డం ఉందా అంటే ఉంది, లేదా అంటే లేదు. కంప్యూటర్ ముందు కూచుని పని చేస్తున్నట్టే కనిపిస్తాడు గానీ, దాని పక్కన సెల్‌ఫోను నిలబెట్టుకుని చైనా సీరియల్ చూస్తుంటాడు. పాతకాలపు రాజులు, తెల్లబట్టలతో గాల్లో ఎగిరే మనుషులు, చచ్చినవాళ్ళు దీపాలు పట్టుకుని నది దాటడాలు, ఇదీ సరుకు. ఒక్క ముక్క అర్థం కాని భాషలో వాళ్ళు ఏడుస్తుంటే ఇక్కడ వీడు కళ్ళు తుడుచుకునేవాడు. ఏం చేస్తుంటావని అడిగితే "ఆర్టిస్టునండి" అన్నాడు. పెళ్ళికొడుకు ఫోటో చుట్టూ గులాబీలు అతికించేవాడు ఆర్టిస్టయితే, మా బళ్ళో గోడలకి సున్నం కొట్టేవాడు ఇంకేమవుతాడో!

నా సంగతి చెప్పాలి కదా. నాది జగ్గయ్యపేట. నందిగామ సర్కారు బళ్ళో సోషల్ చెబుతాను. పొద్దున బస్సు, సాయంత్రం బస్సు, మధ్యలో పిల్లలు. చైనా గురించి నాకు తెలిసినంత ఈ చుట్టుపక్కల ఎవడికీ తెలియదని నా గట్టి నమ్మకం. తెలిసింది పాఠంలో ఉన్న రెండు పేజీలే అనుకోండి, అయినా ఏళ్ళ తరబడి చెబుతున్నాను. సెల్‌ఫోను చూసి చైనా నేర్చుకున్నవాడిని నేనెందుకు లెక్కచేస్తాను?

ఆ షాపుకి నేను వెళ్ళింది అమ్మ పోయిన రోజు, మా ఊళ్ళో కరెంటు లేక. మా వైపు మనిషి పోతే మొట్టమొదట జరిగే పని ఫ్లెక్సీ. ఒకడు బంధువులకి ఫోన్లు చేస్తుంటే, ఇంకొకడు ఫోటో పట్టుకుని బండి మీద పరిగెత్తుతాడు. మధ్యాహ్నం తిరిగేసరికి వీధి మొగలో నిలువెత్తు బొమ్మ లేస్తుంది. పైన ‘కన్నీటి నివాళి’ అని ఉంటుంది. కింద ఆ కన్నీళ్ళు కార్చేవాళ్ళ ఫోటోలు వరసగా, నల్లకళ్ళజోళ్ళు పెట్టుకుని, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతుంటాయి. పెద్దకర్మకి ఇంకొకటి, ఏడాది తిరిగితే మరొకటి. ఫ్లెక్సీ లేవకపోతే పోయినవాళ్ళు పోయినట్టు కాదు.

పోయిన మనిషికి సరైన ఫోటో ఉండి చావదు. అందుకని షాపువాళ్ళ దగ్గర ఒళ్ళు రెడీగా ఉంటాయి. మగవాళ్ళకి తెల్లచొక్కా, భుజాన కండువా. ఆడవాళ్ళకి జరీ పట్టుచీర, మెళ్ళో చంద్రహారం. దాని మీద మొహం తెచ్చి అతికిస్తారు. అలా నందిగామ నుంచి గరికపాడు దాకా పోయిన ఆడవాళ్ళందరూ ఒకే చీరలో పోయారు. మొహాలకి కూడా మరమ్మతులు ఉంటాయి. నల్లవాళ్ళని తెల్లగా చేస్తారు, ఊడిన పళ్ళు మొలిపిస్తారు, గొంతు మీద గడ్డలు కరిగిస్తారు. బతికుండగా ఏ డాక్టరూ చేయలేనివన్నీ అక్కడ గంటలో అయిపోతాయి.

అమ్మకి ఉన్నది ఒక్కటే ఫోటో, అదీ నా సెల్‌ఫోనులో. మా పెదనాన్న మనవరాలి పెళ్ళిలో ఎవరో పిలిస్తే ఇటు తిరిగింది, అంతే. మామూలుగా కెమెరా కనపడితే కొంగు మొహానికి అడ్డం పెట్టుకునేది. ఆధార్ కార్డులో కూడా తల వంచుకునే ఉంది, మొహం ఉండాల్సిన చోట నల్లటి మరక. కారణం ఊరందరికీ తెలుసు. అమ్మకి మెల్లకన్ను.

"చీర మార్చు. హారం పెట్టు. కాస్త రంగు తెరిపించు. ఆ కన్ను సరిచెయ్యి" అన్నాను.

వాడు ఫోటోని కంప్యూటర్ తెర నిండా పెద్దది చేశాడు. నేను గోడ మీద క్యాలెండరు చూస్తున్నాను.

"కన్ను ఉండనీయండి సార్. అది తీసేస్తే ఇంకెవరో అయిపోద్ది" అన్నాడు.

"ఆవిడ నీకు తెలుసా?"

"తెలీదండి. అందుకే చెబుతున్నా."

ఇదేం జవాబు? ఇంట్లో శవం ఉంది, వీడు నాకు వేదాంతం చెబుతున్నాడు. "చెప్పింది చెయ్యవయ్యా" అని కసిరాను. వాడు నోరు మూసుకుని చేశాడు. అయిపోయాక "పాత ఫోటో జాగ్రత్త చేసుకోండి సార్, ఇక్కడ అసలుదాని మీదే దిద్దేశా, నా దగ్గర ఇంక లేదు" అన్నాడు. "ఎందుకు? ఇకనుంచి ఇదే మా అమ్మ ఫోటో" అని, వాడి ముందే నా ఫోనులోది కూడా చెరిపేసి, కొత్తది ఎక్కించుకున్నాను. అంత గొప్ప పని చేశాను.

ఎందుకంత పంతమంటే, నేను ఆరో క్లాసులో ఉండగా అన్నం క్యారియరు మర్చిపోతే అమ్మ పట్టుకుని బడికి వచ్చింది. గుమ్మం దగ్గర నిలబడి నన్ను పిలిచింది. ఆమె వెళ్ళాక మా క్లాసు పిల్లలందరూ నల్లగుడ్లు ఒక పక్కకి తిప్పి "ఒరే, ఎవర్నిరా పిలుస్తున్నా? నిన్నా, కిటికీనా?" అని వారం రోజులు ఆడించారు. ఇంటికొచ్చి అమ్మతో "నువ్వు ఇంకెప్పుడూ మా బడికి రాకు" అన్నాను. సరేనంది. మరి రాలేదు. నేను టీచరు ఉద్యోగంలో చేరిన రోజున కూడా రాలేదు, నేను పిలవనూ లేదు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అప్పుడు సిగ్గుపడింది మాత్రం ఆమె కన్నుని చూసి.

ఫ్లెక్సీ చూసి అందరూ మెచ్చుకున్నారు. "ఎంత కళగా ఉందో మహాతల్లి!" అన్నారు. మా అక్క ఒక్కతే పెద్దకర్మ నాడు దాని ముందు చాలాసేపు నిలబడి "ఎవర్రా ఈమె?" అంది. అక్కని కోదాడ ఇచ్చి నలభై ఏళ్ళయింది, మాట కూడా అటుదే అయిపోయింది. అది దుఃఖంలో ఏదో అంటోందనుకుని నేను పట్టించుకోలేదు. అదే ఫోటోకి ఫ్రేము కట్టించి, దండ వేసి, అక్కకీ ఒకటి పంపించాను.

మరుసటి వేసవిలో, హైవే మీద గరికపాడు ఇవతల ఉన్న ఒక దాబా ఓనరుకి ఉన్నట్టుండి చైనా పట్టుకుంది. ఆయనకి తెలిసిన చైనా గోబీ మంచూరియా. కప్పుకి ఎర్ర లాంతర్లు వేలాడదీశాడు. గుమ్మానికి రెండు పక్కలా ప్లాస్టిక్ డ్రాగన్లని నిలబెట్టాడు. లారీవాళ్ళు పాపం రొట్టె, పప్పు అడిగితే చేతికి నూడుల్సు ఇచ్చాడు. లోపల ఆ చివర నుంచి ఈ చివరకి ఉన్న గోడ మీద చైనా బొమ్మలు కావాలని మన ఆర్టిస్టుని పిలిచాడు. వాడు షాపు పని వదిలేసి, మూడు నెలలు అక్కడే పడుండి, ఆ గోడంతా నింపాడు.

నింపిందేమిటయ్యా అంటే కొండలు, మబ్బులు, వంకర కప్పుల కోటలు. మధ్యలో పెద్ద నది. రేవు నిండా పడవలు, పడవల నిండా ఆత్మలు. రేవులో చింపిరి బట్టలతో, పక్కన కల్లుముంత లాంటిదేదో పెట్టుకుని, కుంచె పట్టుకుని ఒకడు కూచున్నాడు. నెత్తిన ముడి, సగం గడ్డం. వీడే! తన బొమ్మ తనే వేసుకున్నాడు, సిగ్గులేకుండా.

తినడానికి వచ్చినవాళ్ళకి దాని కథ కూడా చెప్పేవాడట. చైనాలో ఒకప్పుడు ఒక చిత్రకారుడు ఉండేవాడట. తిరుగుబోతు, దొంగ. రాజుగారింట్లో పోయినవాళ్ళ బొమ్మలు వేయడం వాడి కొలువు. రాజు చెప్పినట్టల్లా అందంగా వేసేవాడు. అయితే ఆ ఆత్మలు తమ బొమ్మల్ని తామే గుర్తుపట్టలేక, ఎటు పోవాలో తెలియక ఏడుస్తూ తిరిగేవట. చూడలేక వీడు రాజుగారి రంగులన్నీ ఎత్తుకుని పారిపోయాడు. పోయి, ఆత్మలు నది దాటే రేవులో కూచుని, ఎవరి మొహం వాళ్ళకి వేసి పడవెక్కిస్తున్నాడట. రాజు భటులు వాణ్ణి ఇంకా వెతుకుతున్నారట. ఇంతకన్నా పనికిమాలిన కథ నేను వినలేదు. చైనా చరిత్రలో ఇలాంటిది ఎక్కడా లేదు. నేను వెతికాను కూడా.

మా హిందీ మేడంకి బదిలీ అయితే, ఒక ఆదివారం మధ్యాహ్నం స్టాఫంతా అక్కడ భోజనం పెట్టుకున్నాం. నేను గోడకి వీపు పెట్టి కూచున్నాను. మేడం నూడుల్సు చుట్టుకుంటూ పైకి చూసి, ఆగిపోయి, "మాస్టారూ, ఆ మొదటి పడవలో మూడో ఆవిడ మీ అమ్మగారు కదండీ?" అంది. ఆవిడ మా ఇంటికి నాలుగైదుసార్లు వచ్చింది.

వెనక్కి తిరిగాను. అమ్మే! వెడల్పు చేతుల నీలం చైనా అంగీ, ఎత్తుగా కట్టిన జడ, చేతిలో దీపం.  ఒక కన్ను దీపాన్ని చూస్తోంది, ఇంకోటి పక్కకి పోయింది. టేబుల్ చుట్టూ అందరూ చూస్తున్నారు. నాకు చెవుల దాకా మండింది. ఆరో క్లాసు గుమ్మంలో మళ్ళీ నిలబెట్టాడు వెధవ, ఈసారి హైవే మీద పోయేవాళ్ళందరూ చూసేట్టు.

నెమ్మదిగా పడవల్లో మిగతావాళ్ళు ఎవరెవరో కూడా తెలిసింది. పెదాల మీద బొల్లి ఉన్న ఆర్టీసీ కండక్టరు. గొంతు గడ్డతో ముక్త్యాల రోడ్డులో పాలు పోసినావిడ. ఎత్తుపళ్ళ కిరాణా షాపాయన. అందరూ ఫ్లెక్సీల్లో శుభ్రంగా, తెల్లగా పోయినవాళ్ళే. ఇంట్లోవాళ్ళు వాడి చేత తీసేయించిన లోపాలన్నీ అందరికీ తిరిగి పెట్టి, చైనా బట్టలు తొడిగి, పడవలెక్కించాడు.

నేను ఊరంతా భగ్గుమంటుందనుకున్నాను. నా మొహం! జనం ఎగబడ్డారు. "మా నాన్న అచ్చం ఇట్టాగే ఉండేవాడండి" అని గోడ తడిమి ఏడ్చారు. ఒకాయన ఇంట్లో సంవత్సరీకం కానిచ్చుకుని, విస్తరాకులో గారెలు, పరమాన్నం తెచ్చి వాళ్ళ నాన్న బొమ్మ కింద టేబుల్ మీద పెట్టి దండం పెట్టాడు. పక్క టేబుల్ వాళ్ళు మంచూరియా తింటూ లేచి నిలబడ్డారు. బుద్ధి అనేది ఒకటుంటుందని ఈ జనానికి ఎవరు చెబుతారు?

నేను వారం రోజులు చూసి, సెలవు పెట్టి వెళ్ళాను. ఆర్టిస్టు నిచ్చెన మీద కూచుని ఏదో మబ్బు దిద్దుతున్నాడు.

"ఎవరినడిగి వేశావురా మా అమ్మని?"

వాడు దిగాడు. తొణకలేదు. "మీరు తీసెయ్యమన్నవి తీసేశా కదండి సార్. తీసినవి ఎక్కడో ఒకచోట పెట్టాలిగా" అన్నాడు.

"ఫోటో దాచావా దొంగవెధవా?"

"ఫోటో లేదండి. దిద్దేటప్పుడు చూశా. గంటసేపు చూశాగా, గుర్తుండిపోయింది."

"చెరిపెయ్. ఇప్పుడే."

"ఆ పని మానేశానండి" అని మళ్ళీ నిచ్చెనెక్కాడు.

అరుపులకి ఓనరు పరిగెత్తుకొచ్చాడు. కేసు పెడతానన్నాను. పేపర్లో వేయిస్తానన్నాను. ఆయన చేతులు నలుపుకుంటూ "మాస్టారూ, ఒక్క మీ అమ్మగారిని తీసేస్తే సరిపోద్దా?" అన్నాడు. సరిపోతుందన్నాను. ఆయనే రోలరు పట్టుకుని, తెల్లరంగు ముంచి, రెండు పూతలు పూశాడు. నేను ఎదురుగా కూచుని టీ తాగుతూ అయ్యేదాకా కదల్లేదు. పడవలో ఇద్దరి పక్కన మనిషంత తెల్లమచ్చ మిగిలింది. నా పరువు దక్కిందనుకుని ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయాను.

రెండు రోజులకి, బళ్ళో ఉండగా అక్క ఫోన్. "తమ్ముడూ, గరికపాడు కాడ చైనా హోటల్ల ఉన్న. అమ్మ ఉన్నదన్నరు. ఏదిరా? మొదటి పడవల ఇద్దరే ఉన్నరు."

 హెడ్మాస్టరుకి చెప్పి బయల్దేరి వెళ్ళాను. అక్క ఆ తెల్లమచ్చ ఎదురుగా కుర్చీలో కూచుని ఉంది. మోకాళ్ళ నొప్పులతో ఇంట్లోంచి కదలని మనిషి కోదాడ నుంచి ఒక్కతే బస్సెక్కి వచ్చింది. ఓనరు అప్పటికే చెప్పేసినట్టున్నాడు.

"నువ్వే తుడిపించినవంట గదా" అంది.

"అక్కా, అదేమన్నా బొమ్మా? చైనా బట్టలు కట్టి, ఆ కన్ను అలాగే పెట్టి, నలుగురూ తినేచోట..."

"బట్టలు ఏవైతే ఏందిరా? నాకు అమ్మ మొహం కావాలె. నువ్వు పంపిన ఫోటోకి రోజూ దీపం పెడుతున్న. ఎవరి అత్తగారికో పెట్టినట్టుంటది నాకు. ఏడాది సంది అమ్మ మొహం కళ్ళల్లకి తెచ్చుకుందామంటే ఆ పట్టుచీర ఆమెనే అడ్డమొస్తది. అచ్చం అమ్మేనంట అంటే, ఒక్కసారి చూసుకుందామని పడుకుంట లేసుకుంట వచ్చిన." అక్కడే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "నేను చూసినంక తుడిపిస్తే నీ సొమ్మేం పోయేదిరా?"

 ఏళ్ళ తరబడి పిల్లలకి పాఠాలు చెప్పినట్టు అక్కకీ చెబుతూ వచ్చినవాణ్ణి, ఆమె సంచీ పట్టుకుని వెనకాలే నడిచాను. బస్సెక్కిస్తుంటే "మళ్ళ వేయించు. అయినంక నాకు చెప్పు, వస్త" అంది.

వాడి దగ్గరికి నేను మళ్ళీ వెళ్ళాల్సి వచ్చింది. ఆ నెత్తిముడి ముందు, ఆ చైనా సీరియల్ ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సి వచ్చింది. ఒక మూల టేబుల్ దగ్గర మజ్జిగన్నం తింటున్నాడు. ఎన్నో మాటలు అంటాడనుకున్నాను. అని ఉంటే బాగుండేది, నేనూ నాలుగు తిట్టేవాణ్ణి. "వేస్తాలెండి సార్" అన్నాడు, అంతే.

వారంలో అంగీ వచ్చింది, జడ వచ్చింది, చేతిలో దీపం వచ్చింది. ముక్కు, ముక్కు పక్కన గీతలు, బుగ్గ మీద మచ్చ, అన్నీ వచ్చాయి. ఒప్పుకోవడం నాకు చచ్చేంత కష్టం గానీ, వాడి చేతిలో ఏదో ఉంది. శనివారం ఒంటిపూట బడయ్యాక నన్ను రమ్మన్నాడు.

"కళ్ళు మిగిలినయ్ సార్. మెల్ల ఏ కన్ను?"

"నీకు తెలుసుగా! మొన్న వేసింది నువ్వేగా?"

"నాకు తెలుసండి. మీరు చెప్పండి. తీసెయ్యమన్నది మీరేగా, పెట్టమనేది కూడా మీరే చెప్పాల."

పొగరు చూడండి! చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. "కుడి" అనబోయాను. అమ్మ నాకు ఎదురుగా కూచుని అన్నం వడ్డిస్తున్నట్టు గుర్తు చేసుకున్నాను. గాజులు గుర్తొచ్చాయి. గరిటె గుర్తొచ్చింది. చెవి తమ్మె, ముక్కుపుడక, నుదుటి బొట్టు, అన్నీ గుర్తొచ్చాయి. ఆరో క్లాసు నుంచి ఆమెతో మాట్లాడినప్పుడల్లా నేను చూసింది వాటినే. మొహంలోకి చూడకుండా మాట్లాడటం అంత బాగా అలవాటు చేసుకున్నాను. మొన్న గోడ మీద చూసినప్పుడు కూడా మెల్ల ఉందనే చూశాను గానీ, ఎటు ఉందో చూడలేదు. వాడు పరాయివాడు, గంటసేపు చూశాడు. నేను కొడుకుని.

"ఎడమ" అన్నాను. వాడు కుంచె ఎత్తలేదు. నా మొహంలోకే చూస్తున్నాడు. "కాదు, కుడి" అన్నాను.

వాడు కుంచె కడిగి, గుడ్డతో తుడిచి, డబ్బాలో పెట్టేశాడు. "గుర్తొచ్చినప్పుడు చెప్పండి సార్" అన్నాడు.

అక్కనడిగితే ఒక్క క్షణంలో చెబుతుంది. ఫోను తీస్తాను, నంబరు దాకా వెళ్తాను, జేబులో పెట్టేసుకుంటాను. అమ్మకి ఏ కన్నక్కా అని ఏ నోటితో అడగను?

నిన్న అక్కే చేసింది. "అయిందారా? రమ్మంటవా?"

"అయిపోవచ్చిందక్కా."

"ఇంకేం మిగిలింది?"

"కొంచెమే" అన్నాను.